రోడ్డెక్కిన బోయా

సముద్ర శాస్త్రం చదువుతామంటూ ఈమధ్య కొంతమంది పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. ఫలానా ఆవిడ ఆ పనిలో ఉండి రిటైరైంది, వెళ్ళి అడగండి అని ఎవరో చెబుతారట. వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. వాళ్ళు మాట్లాడుతుంటే ఓడలు, డాల్ఫిన్లు, డెక్కు మీద ఈదురుగాలి అన్నీ వాళ్ళ కళ్ళల్లో నాకు కనబడుతూనే ఉంటాయి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ సముద్రం పనే చేశాను గానీ ఓడ ఎక్కింది చాలా తక్కువ. కోస్తాలో, అలల చప్పుడు వినబడే ఊళ్ళో పుట్టినదాన్ని, సముద్రం ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి స్థిరపడ్డాను. మా అత్తగారు చాలాకాలం నేను చేపల శాఖలో గుమాస్తాననుకున్నారు. కాదని వివరించే ఓపిక నాకూ లేకపోయింది.

అందుకే ఆ పిల్లలకి ఓడ కథ చెప్పను. శంషాబాద్ కథ చెబుతాను.

తొంభైల నాటి మాట. అప్పుడు అక్కడ విమానాలు లేవు. బెంగుళూరు రోడ్డు, దాని పక్కన లారీల వాళ్ళ హోటళ్ళు, కొన్ని ద్రాక్ష తోటలు, ఎర్రమట్టి, రాళ్ళు. మా ఆఫీసు నగరంలో ఉండేది. మా పని బంగాళాఖాతం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం.

ఆ 'లోపల' అన్న మాటలోనే కష్టమంతా ఉంది. ఆకాశంలో ఉన్న నక్షత్రాన్ని ఇక్కడ కూర్చుని చూడొచ్చు. కాళ్ళ ముందున్న సముద్రం లోపలికి మాత్రం చూడలేం. కొంచెం లోతుకి వెళ్ళేసరికి వెలుతురు చచ్చిపోతుంది. రేడియో తరంగాలు నీళ్ళలో పోవు. ఉపగ్రహం ఎంత గొప్పదైనా దానికి కనబడేది పైచర్మమే. కాబట్టి ఒక యంత్రాన్ని తీసుకెళ్ళి నీళ్ళలో దించి, దేవుడి మీద భారం వేసి రావాలి. దాన్ని ఉప్పు తినేస్తుంది. గవ్వపురుగులు ఇల్లు కట్టుకుంటాయి. లోతులో నీటి బరువు నొక్కేస్తుంది. వలలు తగులుకుంటాయి. దించిన వస్తువు తిరిగొస్తే మా ఆఫీసులో ఆ రోజు స్వీట్లు పంచుకునేవాళ్ళం.

అలాంటి ఒక బోయాని మేం నడిసముద్రంలో లంగరేసి నిలిపాం. నీటి మీద తేలే పెద్ద పసుపుపచ్చ డొల్ల అది. నెత్తిన ఏంటెనా, లోపల సొంత బ్యాటరీతో ఉపగ్రహానికి సంకేతం పంపే పెట్టె. పొట్టకింద బిగించిన ఉక్కు గొట్టంలో బ్యాటరీలు, రికార్డరు. ఆ గొట్టం నుంచి లోతుకి దిగిన కేబులు పొడవునా అక్కడక్కడ థర్మామీటర్లు. ఆ రోజుల్లో ఉపగ్రహం మోసుకొచ్చేది పోస్టుకార్డు మీద పట్టేంత సమాచారమే. బోయా ఎక్కడుంది, పైనీరు ఎంత వెచ్చగా ఉంది, గొట్టంలోకి తడి చేరిందా లేదా, అంతే. లోతుల సంగతంతా ఆ గొట్టంలోనే నిక్షేపంగా ఉండేది. గొట్టం చేతికొస్తేనే మా శ్రమకి ఫలితం.

ఆ గొట్టాన్ని తయారు చేసినవాడు మా ఇన్‌స్ట్రుమెంట్ల ఇంజనీరు. మహేశ్వరం పక్క పల్లెటూరివాడు. వర్షం పడితేనే పంట పండే ఊరు. ఉద్యోగంలో చేరాకే మొదటిసారి సముద్రం చూశాడు. వయసులో నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. నీళ్ళు దూరకుండా ఆ గొట్టం మూతకి పెట్టే రబ్బరు చుట్టు కోసం అతను పడ్డ యాతన నేను దగ్గరుండి చూశాను. దాన్ని ఓడ ఎక్కించిన రోజు కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రిలా రేవులో నిలబడ్డాడు.

ఆ శీతాకాలం ముందు తుఫాను వచ్చింది. నేరుగా మా బోయా మీదుగా పోయింది. ఎవరికైనా అది చెడ్డ కబురు, మాకు మాత్రం ఆశ. తుఫాను కింద సముద్రం లోపల ఏమవుతుందో చెప్పే కొలత ఒక్కటీ మా చేతిలో లేదు. ఇప్పుడు ఆ గొట్టంలో ఉంటుంది. కానీ తుఫాను దాటిన రెండో రోజుకే బోయా చోటు మారడం మొదలైంది. లంగరు తాడు తెగిపోయింది. బోయా ప్రవాహం ఎటు తీసుకెళితే అటు కొట్టుకుపోతోంది.

వెతకడానికి ఓడ కావాలన్నాం. ఓడ దొరకడమంటే మాఘమాసంలో కల్యాణమండపం దొరకడమే. ఎవరి తేదీలు వాళ్ళకి ముందే రాసిపెట్టి ఉంటాయి. ఉత్తరాలు రాస్తూ, సంకేతాలు చూసుకుంటూ చలికాలం గడిపేశాం. బోయా నెమ్మదిగా తీరం వైపు వచ్చింది. ఒకరోజు తీరానికి ఆనుకుని కనబడింది. తర్వాతి సంకేతానికి మ్యాపు మీద పెట్టిన చుక్క సూర్యాపేట పక్కన పడింది.

ఆఫీసంతా నవ్వింది. "మీ బోయా బస్సెక్కిందండోయ్" అన్నారు. మేమూ నవ్వాం. ఉపగ్రహం లెక్కలు అప్పుడప్పుడు అలా తప్పేవి. ఒకసారి ఇంకో బోయా ఎడారిలో తేలింది కూడా. తప్పు చుక్క అని కొట్టిపారేసి ఊరుకున్నాం. ఆ తర్వాతి చుక్కలు హైదరాబాదు అంచున, ఆ పైన శంషాబాద్ దగ్గర పడ్డాయి. అప్పుడు కూడా లెక్క పూర్తిగా చెడిపోయిందనే అనుకున్నాం. శంషాబాద్‌లో సముద్రమేమిటి?

శనివారం మధ్యాహ్నం నేను ఆ కాగితాలు ఫైల్లో పెట్టబోతూ నీటి వేడి అంకెలు చూశాను. పగలు కాగిపోతోంది, తెల్లవారుజామున చల్లబడుతోంది. మళ్ళీ మధ్యాహ్నం కాగుతోంది. చేతిలో కాగితం అలాగే పట్టుకుని నిలబడిపోయాను. పిల్లలూ, సముద్ర శాస్త్రంలో మొదటి పాఠం ఇదే. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఒక పగటి ఎండకి సముద్రం కాగదు. ఒక రాత్రికి చల్లారదు. అలా చేసేది నేల. మా థర్మామీటరు ఎక్కడో ఎండలో, నేల మీద పడి ఉంది.

"తమ్ముడూ, లెక్క తప్పలేదు. మన బోయా నిజంగానే శంషాబాద్‌లో ఉంది" అన్నాను.

అతను కాగితం లాక్కుని చూశాడు. వేడి అంకె దగ్గర ఆగలేదు. చివరి గడి దగ్గర వేలు పెట్టాడు. మొహం మారిపోయింది.

"అక్కా, గీ తడి గుర్తు చూసిన్రా?"

చూడలేదు. గొట్టంలోకి నీళ్ళు చేరాయని అది చెబుతోంది. నా భయం డేటా పోయిందేమోనని. అతని భయం వేరు.

"ఉప్పునీళ్ళు బ్యాటరీల మీద పడితే గ్యాస్ పుడ్తది. మూతేమో నేనే బిగిచ్చిన, నీళ్ళు చెమ్మగ దూరినా గంత గ్యాస్ బయటికి పోయే సందు లేదు. గది ఇప్పుడు బాంబు లెక్క. జాలర్లకు దొరికి ఉంటది, వాళ్ళు పాత ఇనుము కింద అమ్మి ఉంటరు. పాతసామాన్ల కాడ ఎవడన్న గ్యాస్ కట్టర్ పెడితే..."



మా పెద్దసారు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మంచివారే, కాస్త జాగ్రత్త మనిషి. అంతకుముందు ఒకసారి మావాళ్ళు జాలరి పల్లెలో యంత్రం వెతకడానికి వెళ్ళి దొంగతనం అంటగట్టారని పెద్ద గొడవైంది. అది ఆయన మనసులో ఉంది. "ఆవేశపడకండమ్మా. రేపు ఆదివారం. సోమవారం పైవాళ్ళకి రాద్దాం, పోలీసుల్ని వెంట తీసుకుని పద్ధతిగా వెళ్దాం. ఆ చుక్క కచ్చితమని మీరు చెప్పగలరా?" అన్నారు. చెప్పలేం. ఆ చుక్క అటూ ఇటూ ఒక ఊరంత దూరం తప్పొచ్చు. సరేనని బయటికి వచ్చాం. మెట్ల మీద ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పొద్దున ప్రార్థన అయిపోగానే వస్త, తయారుగ ఉండుండ్రి" అన్నాడు తమ్ముడు.

చర్చి నుంచి నేరుగా వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో. స్కూటరు మీద వెనక నేను. నా ఒళ్ళో టెస్టు రిసీవరు, చేతిలో దాని ఏంటెనా. బోయాని నీళ్ళలో దించే ముందు అది పలుకుతోందో లేదో చూసుకోవడానికి వాడే పెట్టె అది. బోయా సంకేతం పంపినప్పుడల్లా చిన్నగా కూస్తుంది. దగ్గరికి వెళితే గట్టిగా కూస్తుంది. ఎంత దూరం నుంచి వినబడుతుందో మాకు తెలీదు. రోడ్డు మీద ఎవరూ దానితో ఎప్పుడూ తిరగలేదు.

చీర కట్టుకున్న ఆడమనిషి స్కూటరు వెనక ఏంటెనా ఎత్తి పట్టుకుని పోతుంటే చూడనివాడు లేడు. శంషాబాద్ దాకా వెళ్ళాం, ఏమీ లేదు. షాద్‌నగర్ వైపు కొంత దూరం పోయాం, ఏమీ లేదు. వెనక్కి తిరిగాం. పాతసామాను కొట్టు కనబడిన చోటల్లా ఆగాం. లారీల హోటల్ ముందు మంచాల మీద కూర్చున్నాయన "ఏందక్కా, మీ ఇంట్ల టీవీ వస్తలేదా?" అన్నాడు. నా చెవి పెట్టె మీదే ఉంది.

ఊరు దాటి ఒక మట్టిరోడ్డు చీలే చోట అది కూసింది.

తమ్ముడు బ్రేకు వేసిన తీరుకి ఇద్దరం పడబోయాం. ఇంజను ఆపి విన్నాం. మళ్ళీ కూసింది. మట్టిరోడ్డులోకి తిప్పాం. ఇంకా గట్టిగా. రేకుల కంచె, లోపల ఇనుప గుట్టలు, పాత లారీ టైర్లు. గుట్ట మీద, సగం రంగు ఊడి, ఎండలో వెల్లకిలా పడుకుంది మా బోయా. గవ్వపురుగుల గుల్లలు అంటుకుని ఉన్నాయి కాబట్టి గుర్తుపట్టాం.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అతను అప్పటికే గుట్ట ఎక్కి కిందికి వంగి చూస్తున్నాడు. తల ఎత్తి, "అక్కా, గొట్టం లేదు" అన్నాడు.

రేకుల గదిలోంచి ఒకామె వచ్చింది. కొట్టు ఆమెదే. కొంగు నడుముకి దోపి, చేతిలో తక్కెడ రాయి పట్టుకుని ఉంది. "ఎవలు మీరు? గుట్ట దిగు ముందుగాల!" అంది. మేం ఎవరిమో, అది ఏమిటో నేను చెప్పాను. గాభరాలో సగం ఇంగ్లీషు, సగం మా కోస్తా మాటలు. ఆమె మొత్తం విన్నది.

"మీదైతే సముద్రంల ఎందుకు పారేసిన్రు?"

 పారేయలేదమ్మా, పెట్టి వచ్చాం అన్నాను.

తమ్ముడు గుట్ట దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. "అక్కా, దీని కింద ఒక గొట్టం ఉండాలె. ఇంత పొడుగు, రెండు దిక్కుల మూతలు. ఏడున్నది?"

"గదా? గది మా ఆయన పొద్దుగాల్నే కాటేదాన్ కొంచవోయిండు. గట్టి ఉక్కు, ఈడ కోసుడు కాదని. ఆడ గ్యాసుతోని కోస్తరు."

తమ్ముడు ఇక ఆమెకి ఏమీ వివరించలేదు. "ఎక్కడ, ఏ షెడ్డు?" అన్నాడు. ఆ గొంతు విని ఆమె చేతిలోని రాయి కింద పడేసింది. "ఏమైతది? ఏమైతది చెప్పు!" చెప్పాం. ఆమె వెంటనే ఇనుము దించి ఖాళీగా నిలబడ్డ ట్రాలీ ఆటో ఎక్కి, డ్రైవర్ని కాటేదాన్ పొమ్మని, "ఎక్కు, దారి నేను చూపిస్త" అని నన్ను చెయ్యి పట్టి పైకి లాగింది. ఆటో తమ్ముడి స్కూటరుకి ముందు దుమ్ము లేపుకుంటూ పోయింది. దారి పొడుగునా ఆమె నా మణికట్టు వదల్లేదు. ఒక్కసారి మాత్రం, "నేనే అన్న, జల్ది కోసుకరమ్మని" అంది, నాతో కాదు, రోడ్డుతో.

కాటేదాన్ ఫ్యాక్టరీల పేటలో ఆదివారం కూడా షెడ్లు మోగుతూనే ఉన్నాయి. మలుపు తిరిగేసరికి ఒక షెడ్డులోంచి నిప్పురవ్వలు కనబడ్డాయి. ఆమె ఆటో ఆగకముందే దూకేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇది నిజం, కళ్ళు మూసుకున్నాను.

తెరిచి చూస్తే ఆమె భర్త నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర సగం కోసిన నీళ్ళ డ్రమ్ము. దాని పక్కనే, తర్వాతి వంతుకి సిద్ధంగా, మా గొట్టం. ముట్టలేదు. ఇంకా ముట్టలేదు.

అతనికి మొదట కోపమొచ్చింది. "సామాను కావాలంటే కావాలని అడుగుండ్రి. బెదిరిచ్చుడెందుకు?" అన్నాడు. భార్య మంట ఉన్న చేతిని పట్టుకుని, "ఆమె మొఖం చూడు. బెదిరిచ్చేటోల్ల మొఖమేనా గది? ఆర్పు" అంది. ఆర్పాడు.

తర్వాత పనంతా తమ్ముడిది. చుట్టుపక్కల షెడ్లలో కూడా మంటలు ఆపించాడు. ఒకాయన చెవి వెనక ఉన్న బీడీ కూడా తీయించాడు. గొట్టాన్ని నలుగురి సాయంతో మెల్లగా బయటికి మోయించి, మూత ఖాళీ గోడ వైపు ఉండేలా ఇసుక బస్తాల మధ్య పడుకోబెట్టాడు. అందర్నీ పాత లారీ ఛాసిస్ వెనక్కి పంపాడు. నన్నూ పంపాడు. తను మాత్రం గొట్టానికి పక్కవాటుగా మట్టిలో బోర్లా పడుకుని, చెయ్యి చాచి, పానాతో ఒక్కో బోల్టూ కొద్దికొద్దిగా వదులు చేయసాగాడు. ఒకటి కాస్త, ఎదురుది కాస్త. అతని పెదవులు కదులుతున్నాయి. పొద్దున చర్చిలో మిగిలిన ప్రార్థనేమో అనుకున్నాను. తర్వాత అడిగితే, ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో మర్చిపోకుండా చెప్పుకుంటున్నానన్నాడు.

ఉన్నట్టుండి బుస్సుమంది. నేను ప్రెషర్ కుక్కర్లు చూశాను, లారీ టైర్లు పేలగా విన్నాను. ఇది వేరు. గోడ మీది దుమ్మంతా లేచింది. ఆ చప్పుడు ఆగలేదు. ఎంతసేపని చెప్పను?  ఆ బుస నెమ్మదిగా సన్నబడి, ఈల అయి, ఆగిపోయింది.

"అయిపోయింది" అన్నాడు తమ్ముడు, లేవకుండానే.

కోయబోయినాయన మెల్లగా గొట్టం దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు. "గింత గాలుండెనా గిండ్ల?" అని అక్కడే మట్టిలో కూలబడ్డాడు. భార్య వెళ్ళి అతని భుజం మీద ఒకటి గట్టిగా వేసింది. ఇంకోటి వేసింది. తర్వాత అతని నెత్తి మీది నల్లకళ్ళద్దాలు తీసేసి, తల తన పొట్టకి ఆనించుకుని ఏడ్చింది. మేం అటు చూడకుండా నిలబడ్డాం. తమ్ముడి చొక్కా మీద తెలుపు వెతికితే కాలరు కింద కొంచెం మిగిలింది.

గొట్టంలో అడుగున నల్లటి బురద నీళ్ళు. బ్యాటరీలు కుళ్ళిపోయాయి. రికార్డరు పైఅరలో ఉంది. దాన్ని నా కొంగులో చుట్టుకుని తెచ్చుకున్నాను. గొట్టాన్నీ బోయానీ సోమవారం ఆఫీసు లెక్క ప్రకారం తీసుకెళతామన్నాం. "కొంచవోండ్రి, ముందుగాల గది ఈడికెల్లి కొంచవోండ్రి" అంది ఆమె.

సోమవారం పొద్దున్నే పెద్దసారు గదిలో నిలబడి జరిగిందంతా చెప్పాం. చెప్పినమాట వినలేదని కేకలేస్తారనుకున్నాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ కట్టర్ మనిషి క్షేమమే కదమ్మా?" అన్నారు. క్షేమమేనండి అన్నాను. ఆ తర్వాతే ఆయన డేటా సంగతి అడిగారు. ఆయన మీద నాకు గౌరవం ఆ రోజు మొదలైంది.

డేటా బతికే ఉంది. రికార్డరుని స్పిరిట్‌తో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, తమ్ముడు కంప్యూటరుకి కలిపాడు. ప్రింటరు కరకరలాడుతూ ఒక్కో గీతే వేస్తుంటే అందరం దాని చుట్టూ మూగాం. తుఫాను పైనుంచి పోతుండగా పైనీరు చల్లబడడం, వేడి కిందికి దిగడం, పోయాక కూడా లోతుల్లో నీరు ఊగిసలాడుతూ ఉండడం అన్నీ కాగితం మీదికి వచ్చాయి. పైన గాలి ఆగినా లోపల సముద్రానికి వెంటనే తెలియదన్నమాట. తాడుతోపాటు కేబులూ తెగిన ఘడియ దగ్గర గీత ఆగిపోయింది. ఆ ఘడియ దాకా వచ్చింది చాలు మాకు.

ఆ తర్వాత మేం మూతలకి చిన్న కవాటం పెట్టడం మొదలుపెట్టాం, లోపల గాలి పెరిగితే దానంతటదే బయటికి పోయేలా. బోయాల మీద తెలుగులోనూ తమిళంలోనూ ఒరియాలోనూ 'కోయవద్దు, ఫలానా చోట చెప్పండి' అని రాయించాం. జాలరి పల్లెలకి వెళ్ళి ఇది ఎందుకో చెప్పడం మా పనిలో భాగమైంది. పుస్తకాల్లో సముద్ర శాస్త్రపు కష్టాలంటే లోతు, ఉప్పు, చీకటి అని రాసి ఉంటుంది. ఒడ్డున ఉన్న మనుషులకి చెప్పకుండా వాళ్ళ సముద్రంలో సామాను పెట్టి రావడం ఏ పుస్తకంలోనూ లేదు.

కొన్ని వారాలకి ఆఫీసుకి ఫోనొచ్చింది. ఎస్టీడీ బూత్ నుంచి. గొంతు వినగానే గుర్తుపట్టాను.

"అక్కా, మీ సామాను ఇంకోటొచ్చింది. గుండ్రంగున్నది, మూత గట్టిగ బిగిచ్చున్నది. మా ఆయన్ని ముట్టనిస్తలేను. జర జల్ది రాండ్రి."

మా బోయాలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. అయినా వెళ్ళాం. ఈసారి ఏంటెనా లేకుండా. ఆమె దాన్ని గుట్టలకి దూరంగా, చుట్టూ టైర్లు పేర్చి ఒంటరిగా పెట్టింది. పెద్ద పాల క్యాను. ఏదో డెయిరీది. తమ్ముడు తట్టి చూసి, మూత తీసి, తల లోపలికి పెట్టి, పులిసిన వాసనకి మొహం చిట్లించి బయటికి తీశాడు.

"ఇది మాది కాదన్నా. పాలది. కోసుకో" అన్నాడు.

ఆమె భర్త కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కట్టర్ అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"మీరిద్దరు జర ఈడ్నే నిలబడుండ్రి. అయితేనే కోస్త."

నిలబడ్డాం. రవ్వలు రేగాయి. క్యాను రెండు చెక్కలై అటొకటి ఇటొకటి పడింది. ఆమె వచ్చి ఒక చెక్కలోకి చూసింది, రెండోదాంట్లోకీ చూసింది. తర్వాత మావైపు తిరిగి, "ఇగ రాండ్రి, చాయ్ తాగుదాం" అంది.